పేరు వేయించిన గిన్నెలు

మా వీధిలో యలమందను కాగితాల యలమంద అనేవాళ్ళు. ఆ పేరు పెట్టిన ఘనత నాదే, దాచుకోవడానికేమీ లేదు. తెనాలి గంగానమ్మపేటలో నాకో టైపు ఇన్‌స్టిట్యూట్ ఉండేది. పొద్దున పూట పిల్లలకు టైపు నేర్పడం, పన్నెండు దాటాక జనానికి అర్జీలు కొట్టిపెట్టడం నా వృత్తి. అర్జీకి వచ్చేవాడు ఎప్పుడూ రేపు గడువనగా పరిగెత్తుకొస్తాడు. చేతిలో ఒక్క కాగితముండదు. పైగా నన్నే తొందరపెడతాడు. అలాంటి వాళ్ళ మీద అరిచి అరిచి నా గొంతు ఇలా తయారయింది. గడువుకి ఐదేళ్ళు ముందు వచ్చినవాడు నా అనుభవంలో యలమంద ఒక్కడే.

1965 జూన్ నెలలో ఒక మధ్యాహ్నం వచ్చాడు. నలభై ఏళ్ళ మనిషి, చేతులకు ఇంజను నూనె మరకలు. గుమ్మం బయటే చెప్పులు విడిచి, "నమస్కారమండి మాస్టారూ. మీ పక్క వాటాలో దిగామండి. నాకో దరఖాస్తు కావాలండి" అన్నాడు.

"ఎప్పటికి?" అన్నాను అలవాటు కొద్దీ విసుక్కుంటూ.

"డెబ్భైకండి."

"డెబ్భై ఏంటయ్యా?"

"పంతొమ్మిది వందల డెబ్భైయండి. ఇంకా ఐదేళ్ళుందనుకోండి. ఏమేం కాగితాలు దాచాలో ఇప్పుడే చెబితే, ఇవాళ్టి నుంచే దాచుకుంటానండి."

నేను టైపు మిషను మీద నుంచి చేతులు తీసేసి, కుర్చీ చూపించి, కూర్చోమన్నాను. అలాంటి మనిషి కోసం నేను ఇరవై ఏళ్ళుగా ఎదురుచూస్తున్నాను మరి.

యలమంద పుట్టింది రేపల్లెలో. మూడేళ్ళ వయసులో తల్లిదండ్రులు రంగూను తీసుకుపోయారు. తండ్రి అక్కడి బియ్యం మిల్లులో కూలి. యుద్ధం రోజుల్లో తండ్రి పోతే తల్లి మాణిక్యాంబ రేపల్లె తిరిగి వచ్చేసింది. ఈయన అక్కడే ఉండి మిల్లులో ఫిట్టరయ్యాడు, బర్మా అమ్మాయిని పెళ్ళి చేసుకున్నాడు, అదే తన ఊరనుకున్నాడు. స్నేహితులు, "ఒరే, శాశ్వతంగా ఉండటానికి దరఖాస్తు పెట్టుకోరా, ముందు ముందు చిక్కులొస్తాయి" అని చెబితే నవ్వేశాడట. ముప్ఫై ఏళ్ళుగా ఉన్నవాణ్ణి ఎవడు పొమ్మంటాడని ఆయన ధీమా. తీరా ప్రభుత్వం మారి, మిల్లు సర్కారు చేతుల్లోకి వెళ్ళి, పరదేశీయులు కాగితాలు చూపించాలన్న రోజున ఆయన దగ్గర చూపించడానికేమీ లేదు. ఒక ట్రంకు పెట్టె, భార్య, మద్రాసు వెళ్ళే ఓడలో చోటు. అంతే మిగిలింది.

"అక్కడ నాకు కాగితం లేక పొమ్మన్నారండి. ఇక్కడ మా ఇంటావిడకి కాగితం లేదండి" అన్నాడు యలమంద. గొంతు తగ్గించి, "మళ్ళీ ఆ తప్పు చెయ్యనండి" అని కూడా అన్నాడు.

సంగతేమిటంటే, ఆయన ఈ దేశం వాడే కనుక ఆయనకు బాధ లేదు. ఆమె పరదేశి. గుంటూరులో పోలీసు ఆఫీసుకు వెళ్ళి, ఉండటానికి ఏడాదికోసారి అనుమతి పొడిగించుకోవాలి. ఏ ఏడాది వద్దంటే ఆ ఏడాది ఓడెక్కాలి. అక్కడి గుమస్తా ఒకాయన జాలిపడి, ఒకే ఊళ్ళో ఐదేళ్ళు ఎడతెగకుండా ఉన్నట్టు రుజువులు పెట్టి దరఖాస్తు చేసుకుంటే శాశ్వతంగా ఉండిపోవచ్చని చెప్పాడట. ఆ మాట పట్టుకుని యలమంద రేపల్లెలో తల్లి దగ్గర నుంచి తెనాలి వచ్చి, మిల్లులో ఫిట్టరుగా కుదిరి, మా పక్క వాటా అద్దెకు తీసుకున్నాడు.

నేను ఉత్సాహంగా జాబితా చెప్పాను. అద్దె రసీదులు, రేషను కార్డు, కరెంటు చీటీలు, ఆసుపత్రి చీటీలు, తేదీ ఉన్నది ఏదైనా సరే. ఆయన ఒక్కటి వదిలిపెడితే ఒట్టు. ట్రంకు పెట్టెలో ఏడాదికో కట్ట, కట్టకో రంగు తాడు. మలేరియా వాళ్ళు వచ్చినప్పుడు గోడ మీద తేదీ వేసి సంతకం పెట్టి వెళ్ళేవాళ్ళు. దసరాకి ఇంటి ఓనరు సీతారావమ్మగారు సున్నం వేయిస్తానంటే, ఆ గోడొక్కటి వదిలెయ్యమని యలమంద కాళ్ళావేళ్ళా పడ్డాడు. "నీ రుజువులతో నా ఇల్లు మసి గుడ్డయిపోతోంది నాయనా" అని ఆవిడ తిట్టి, చివరికి మూడు గోడలకే వేయించింది.

ఇక ఆమె. పేరు మా ఖిన్. 'మా' అంటే వాళ్ళ భాషలో ఆడపిల్ల పేరుకు ముందు వచ్చే మర్యాదట. ముప్ఫై దాటని వయసు, సన్నటి మనిషి. అత్తగారు మాణిక్యాంబ రేపల్లెలో కోడల్ని చూడగానే, "ఇదేం పేరే తల్లీ, నా నోరు తిరగదు" అని దుర్గాంబ అని పిలవడం మొదలుపెట్టింది. ఆవిడది కోపం కాదు, ప్రేమే. మా వీధి పిల్లలకు ఆమె బర్మా అత్త. మాబోటి మగాళ్ళకు యలమందగారి భార్య. ఆసుపత్రిలో జ్వరం చీటీ మీదా అలాగే రాశారు. ఆమెను మా ఖిన్ అని పిలిచేవాళ్ళు తెనాలి మొత్తం మీద ఎవరూ లేరు. మొగుడు కూడా "ఇదిగో" అనే పిలిచేవాడు.

ఆమె అద్దెకు కుట్టు మిషను తెచ్చుకుని వీధిలో ఆడవాళ్ళకు రవికలు కుట్టేది. కొలతకు ఒక్కసారి చూస్తే చాలు, మళ్ళీ విప్పి కుట్టే పని ఉండేది కాదు. మా ఆవిడ జయలక్ష్మి మహా వంకలు పెట్టే మనిషి. అలాంటిది రెండు నెలల్లో ఆమెతో ప్రాణం పెట్టి మాట్లాడేది. ఆమె తెలుగు మాట్లాడటం కూడా మా వంటింట్లోనే నేర్చుకుంది.

ఒకరోజు మా వంటింట్లో గిన్నెలు తోమి బోర్లించి ఉంటే, వాటి అంచుల మీద చుక్కలు చుక్కలుగా చెక్కి ఉన్న అక్షరాలు చూసి, "ఇవేంటక్కా?" అని అడిగిందట.

"పేర్లు. శుభకార్యాలకి గిన్నెలిస్తాం కదా, ఇచ్చినవాళ్ళ పేరూ తేదీ వేయిస్తాం. ఇళ్ళమ్మట తిరిగే గిన్నెలాయె, ఎవరిచ్చినవో తెలియద్దూ" అంది మా ఆవిడ.

"ఆడవాళ్ళ పేర్లేనా?"

"వంటింట్లో మా పేర్లు కాక మగాళ్ళవెందుకూ?"

ఆమె ఆ గిన్నెలన్నీ ఒక్కొక్కటే తిప్పి, ఒక్కొక్క పేరూ మా ఆవిడ చేత చదివించుకుందట. ఈ సంభాషణ నాకు అప్పట్లో తెలియదు. తెలిసినా పట్టించుకునేవాణ్ణి కాదు. గిన్నెల సంగతి నాకెందుకు? నా పని కాగితాలు.

ఆ తరవాత వీధిలో బారసాల అయినా, పెళ్ళయినా, గృహప్రవేశమైనా ఆమె కుట్టు డబ్బుల్లోంచి ఒక గిన్నో గ్లాసో కొని తీసుకెళ్ళడం మొదలైంది. బజారులో గిన్నెల కొట్టు ముందు వీరాస్వామి అని ఒకాయన చిన్న ఉలి, సుత్తి పెట్టుకుని పేర్లు వేస్తూ కూర్చునేవాడు. అక్షరానికింత అని తీసుకునే మనిషి. ఈమె పేరు బొత్తిగా గిట్టుబాటు కాదని వేళాకోళం చేసేవాడట. యలమంద మాత్రం నా దగ్గర మొర పెట్టుకునేవాడు. "గిన్నెల పిచ్చి పట్టిందండి మాస్టారూ. మా ఇంట్లో తినడానికి రెండు సత్తు పళ్ళాలు. ఊళ్ళో వాళ్ళకేమో స్టీలు గిన్నెలు" అనేవాడు. నేను కూడా తల ఊపి, ఆడవాళ్ళ సంగతి అంతేనన్నాను.

ఈ ఐదేళ్ళ నియమం ఆ ఇంట్లో ఎలా నడిచిందో చెబితేగాని మీకు యలమంద భయం తెలియదు. ఆమె తెనాలి పొలిమేర దాటితే ఆయనకు కాళ్ళు చేతులు ఆడేవి కావు. అరవై ఏడులో రేపల్లెలో మాణిక్యాంబ పోయింది. పొద్దున బండికి ఇద్దరూ వెళ్ళారు. దహనం అయీ కాకముందే సాయంత్రం బండికి ఆమెను ఎక్కించి తెనాలి పంపించేశాడు. "అత్త పోతే కోడలు పదకొండు రోజులుండకపోవడం ఏంటి, ఎక్కడన్నా ఉందా?" అని చుట్టాలు దుమ్మెత్తి పోశారు. ఆయన తల వంచుకుని పడ్డాడు కానీ ఉండనివ్వలేదు. ఆమె మా ఇంటికి వచ్చి, "నాకు పేరు పెట్టిన మనిషక్కా, ఏడవడానికైనా ఉండనివ్వలేదు" అని జయలక్ష్మి భుజం మీద పడి ఏడ్చింది. అరవై తొమ్మిది మే నెల తుఫానులో వాటాలోకి నీళ్ళు వస్తే, ఆయన ముందు ట్రంకు పెట్టె నెత్తిన పెట్టుకుని మా మేడ మెట్లెక్కాడు. ఆమె తడుస్తూ కుట్టు మిషను మోసుకొచ్చింది. మా ఆవిడ ఆయన్ని ఆరోజు అన్న మాటలు ఇక్కడ రాయలేను.

అన్నిటికంటే నన్ను బాధపెట్టేది అరవై ఎనిమిదిలో జరిగింది. రంగూను నుంచి ఉత్తరం రావడమే గగనం. ఆ ఐదేళ్ళలో ఆమెకు వచ్చింది ఒకే ఒక్కటి, తమ్ముడు రాసింది. అమ్మకు ఒంట్లో బాగాలేదు, నిన్ను చూడాలంటోంది, ఒకసారి రా అని. ఆమె ఉత్తరం పట్టుకుని తిన్నగా నా దగ్గరికే వచ్చింది. వెనకాల యలమంద.

"వెళ్ళి రావచ్చాండి మాస్టారూ?" అని అడిగింది.

నాకు తెలిసింది నేను చెప్పాను. "వెళ్ళడం తేలికేనమ్మా, తిరిగి రానిస్తారో లేదో చెప్పలేం. రానిచ్చినా ఐదేళ్ళూ మళ్ళీ మొదటి నుంచి" అన్నాను. ఎంతో తెలిసినవాడిలా కళ్ళజోడు పైకి తోసుకుని మరీ అన్నాను. ఆమె యలమంద వైపు చూసింది. ఆయన గోడ వైపు చూశాడు. ఆమె ఉత్తరం మడిచి, "అలాగేనండి" అని వెళ్ళిపోయింది. ఆరు నెలల తరవాత రంగూను నుంచి వచ్చి బాపట్లలో దిగిన కుటుంబం ఒకటి కబురు చెప్పింది, వాళ్ళమ్మ పోయిందని. ఎప్పుడు పోయిందో తేదీ వాళ్ళకూ తెలియదు. అరవై ఎనిమిది మొదట్లో వీధిలో శుభకార్యాలే రాలేదు, ఉత్తరం వచ్చాక ఆ ఏడాది ఆమె ఏ పేరంటానికీ వెళ్ళలేదు.

డెబ్భై వచ్చింది. దరఖాస్తు నేనే కొట్టాను. మూడు ప్రతులు, ఒక్క తప్పు లేకుండా. విచారణకు నవంబరులో తాలూకా ఆఫీసు నుంచి రెవిన్యూ ఇన్‌స్పెక్టరు బర్నబాస్ గారు సైకిలు మీద వచ్చారు. మెత్తని మనిషి, పని మాత్రం కచ్చితం. మా వరండాలో కుర్చీ వేశాం. యలమంద ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, ట్రంకు పెట్టె తెచ్చి, పెళ్ళికూతుర్ని చూపించినట్టు మూత తెరిచాడు. నేను పక్కన నిలబడి ఏ కట్ట ఏ ఏడాదిదో వివరించాను. నిజం చెప్పాలంటే, ఆ పెట్టెను చూస్తే నాకూ గర్వంగా ఉంది.

బర్నబాస్ గారు గంటసేపు ఓపిగ్గా చూశారు. ఒక్కొక్క కాగితం తీయడం, చదవడం, పక్కన పెట్టడం. అన్నీ అయ్యాక కళ్ళజోడు తీసి, "యలమందగారూ, ఇంత శ్రద్ధగా దాచినవాళ్ళని నేను చూడలేదండి. ఐదేళ్ళుగా మీరు తెనాలిలోనే ఉన్నారని నాకు రవ్వంత అనుమానం లేదు. మీరుండటానికి ఎవరికీ అభ్యంతరమూ లేదు. మరి ఆవిడేరండి?" అన్నారు.

మాకు అర్థం కాలేదు. "ఆవిడ లోపల ఉందండి" అన్నాడు యలమంద.

"ఇంట్లో కాదండి, ఇందులో." ఆయన కాగితాల మీద చెయ్యి పెట్టారు. "అద్దె రసీదు మీ పేరు. రేషను కార్డు మీ పేరు. కరెంటు ఓనరు పేరు. ఆసుపత్రి చీటీలో మీ భార్య అని ఉంది కానీ పేరు లేదు. మిల్లు వాళ్ళిచ్చిన కాగితంలో భార్య దుర్గాంబ అని ఉంది. దుర్గాంబ ఎవరండి?"

"మా అమ్మ పెట్టిన పేరండి."

"దరఖాస్తు పెట్టింది మా ఖిన్. ఈ పెట్టెలో మా ఖిన్ అన్న పేరు ఒక్క చోట లేదు."

యలమంద పోలీసు వాళ్ళిచ్చిన పుస్తకం తీసి చూపించాడు. దాంట్లో ఆమె పేరుంది, ఫోటో ఉంది, ఏడాదికో ముద్ర ఉంది, కింద ఆమె తన భాషలో చేసిన సంతకం ఉంది. "ముద్ర ఏడాదికొక్క రోజండి, అదీ గుంటూరులో. మిగతా మూడు వందల అరవై నాలుగు రోజులూ ఆవిడ తెనాలిలో ఉన్నట్టేంటి ఆధారం అని పైవాళ్ళు నన్నడుగుతారు. నోటి మాట సాక్ష్యాలు చాలవు. ఆవిడ పేరుతో, అప్పుడప్పుడే రాసినది, ఏడాదికొకటి చాలు. సోమవారం నా రిపోర్టు వెళ్ళాలి" అన్నారు బర్నబాస్ గారు. ఆరోజు శుక్రవారం.

యలమంద ట్రంకు పక్కన నేల మీద కూలబడ్డాడు. నేనేం చెప్పను? ఆయన ఫిట్టరు, తెలియదనుకుందాం. ఇరవై ఐదేళ్ళుగా అర్జీలు కొడుతున్న నాకు తెలియదా? అద్దె రసీదు ఆడమనిషి పేరున ఉంటుందన్న ఊహే నాకు రాలేదు. మా ఇంట్లో మాత్రం జయలక్ష్మి పేరు ఏ కాగితం మీద ఉంది కనుక? కొంపలంటుకుంటే నా భార్య ఫలానా ఇంట్లో ఉందని నేను మాత్రం రుజువు చెయ్యగలనా? ఐదేళ్ళు కష్టపడి, ఎవరికి అక్కర్లేదో వాళ్ళకి రుజువులు పోగేశాం.

అప్పుడు గుమ్మంలో నుంచి ఆమె గొంతు వినిపించింది. మెడలో కొలత టేపు అలాగే ఉంది. "నా పేరుందండి" అంది.

"ఎక్కడమ్మా?" అన్నారు బర్నబాస్ గారు.

"మా ఇంట్లో లేదండి. వీళ్ళందరి ఇళ్ళల్లో ఉంది. గిన్నెల మీద. తేదీలు కూడా ఉన్నాయండి."

బర్నబాస్ గారు, "గిన్నె మీద రాసిందైనా రాసిందే కదా. సోమవారం వస్తాను, చూపించండి" అని సైకిలెక్కారు.

ఆ సాయంత్రం వీధిలో జరిగిన హడావుడి చెప్పనలవి కాదు. ఆమె ఏ ఏడాది ఎవరికి ఏమిచ్చిందో అన్నీ నోటికి చెప్పింది. అరవై ఆరు, సీతారావమ్మగారి వ్రతానికి పళ్ళెం. అది ఉంది. అరవై తొమ్మిది, ఎదురింటి టీచరు దానమ్మగారి కొత్తింటి ప్రార్థనకు చెంబు. దానమ్మగారు పూల మొక్కకు నీళ్ళు పోస్తున్న చెంబు అలాగే పట్టుకొచ్చారు. అరవై ఏడు, సీతారావమ్మగారి అమ్మాయి కనకదుర్గ పెళ్ళికి గిన్నె. ఆ గిన్నె కనకదుర్గతో పాటు బాపట్ల అత్తారింటికి వెళ్ళిపోయింది.

శనివారం పొద్దున పాసింజరుకి నేనే బాపట్ల వెళ్ళాను. నేను కాకపోతే ఎవరు వెళ్ళాలి? కనకదుర్గ నన్ను చూసి సంబరపడి, గిన్నె మాట వినగానే నాలిక్కరుచుకుంది. "అయ్యో బాబాయ్‌గారూ, దాంట్లోనే పాలు తోడుపెట్టానండి. బర్మా అత్త గిన్నెలో అయితే పెరుగు గట్టిగా తోడుకుంటుంది. కాస్సేపుంటారా?" అంది. ఉండటానికి నాకు ఓపిక లేదు. తోడుకోని పెరుగు గిన్నె ఒళ్ళో పెట్టుకుని, పైన గుడ్డ కట్టి, ఒలకకుండా రెండు చేతులా పట్టుకుని తెనాలి దాకా వచ్చాను. నా కొత్త పంచె పాడయింది. ఒక్క మాట అనలేదు. నా జీవితంలో నోరు మూసుకుని చేసిన ప్రయాణం అదొక్కటే.

ఇంటికొచ్చేసరికి జయలక్ష్మి వరండాలో గిన్నెలు వరస పెడుతోంది. "అరవై ఐదు మాటేంటి?" అన్నాను. "అది మనింట్లోదేగా. మన అమ్మాయి బారసాలకిచ్చిన గ్లాసు. రోజూ మీరు మజ్జిగ తాగేది" అంది.

ఆ గ్లాసు నాకు తెలుసు. అంచు కింద ఏవో గుండ్రటి లతలు చెక్కి ఉంటాయి. ఐదేళ్ళుగా రోజూ దాంట్లో తాగుతున్నాను. "అవి లతలు కదే" అన్నాను.

"లతలు కావు, పేరు. అప్పటికి ఆమెకింకా తెలుగు రాయడం రాదు కదా. వాళ్ళ భాషలో కాగితం మీద రాసిస్తే వీరాస్వామి చూసి చెక్కాడు. మన అక్షరాల్లాగే గుండ్రంగా ఉన్నాయే అన్నాడట. కింద తేదీ చూడండి."

చూశాను. 12-9-65. నా చేతిలో రోజూ ఉన్న రుజువును నేను లతలనుకున్నాను. అంత సిగ్గు నాకు మళ్ళీ ఎన్నడూ వెయ్యలేదు.

సోమవారం బర్నబాస్ గారు వచ్చి, నేల మీద పీట వేసుకుని కూర్చుని, ఒక్కొక్కటీ వెలుగులోకి తిప్పి చదివారు. పళ్ళెం. చెంబు. ఆ ఏడాదే ఇచ్చిన టిఫిను క్యారియరు. బాపట్ల గిన్నె. జయలక్ష్మి దాన్ని కడిగినా ఇంకా పెరుగు వాసన వస్తోంది. ఆడవాళ్ళంతా గోడ వారగా నిలబడి, ఎవరి గిన్నె వచ్చినప్పుడు వాళ్ళు ముందుకొచ్చి, "మా ఇంటికేనండి, ఫలానా రోజునండి" అని చెప్పి నేను టైపు చేసిన వాంగ్మూలం మీద సంతకం చేశారు. గ్లాసు దగ్గర ఆయన ఆగారు. పోలీసు పుస్తకం తెరిచి, ఆమె సంతకం పక్కన గ్లాసు పెట్టారు. అక్షరానికి అక్షరం అదే. వీరాస్వామి ఒక్క వంపు కూడా తప్పలేదు.

"అరవై ఎనిమిది?" అన్నారు బర్నబాస్ గారు.

అందరం ఒకరి మొహాలొకరు చూసుకున్నాం. ఆ ఏడాది గిన్నె లేదు. యలమంద చెమటలు తుడుచుకుంటున్నాడు. ఆమె లోపలికి వెళ్ళి, కుట్టు మిషను సొరుగులో నుంచి ఒక కవరు తెచ్చి ఆయన చేతికిచ్చింది. మీద ఇంగ్లీషులో మా ఖిన్ అని పేరు, గంగానమ్మపేట చిరునామా, తెనాలి పోస్టాఫీసు ముద్ర. ఐదేళ్ళుగా తేదీ ఉన్న ప్రతి చీటీ వెతికిన యలమందకు, ఆమె ఆ ఉత్తరం దాచుకుందని తెలియదు.

"ఎవరు రాశారమ్మా? ఏముంది ఇందులో?"

"మా తమ్ముడండి. అమ్మకు బాగాలేదు, చూడాలంటోంది, రమ్మని రాశాడండి."

"వెళ్ళారా?"

"లేదండి. వెళితే ఐదేళ్ళు తెగిపోతాయన్నారండి."

ఎవరన్నారని ఆయన అడగలేదు. అడిగితే నేనేనని చెబుదామని నోరు తెరిచాను కూడా. ఆయన కవరును అటూ ఇటూ తిప్పి చూశారు. "అమ్మ ఉన్నారా?" అన్నారు. ఆమె తల అడ్డంగా ఊపింది. ఆయన కవరు తిరిగి ఆమె చేతుల్లోనే పెట్టి, "ఇది నేను తీసుకెళ్ళనమ్మా. మాస్టారూ, పేరూ, చిరునామా, ముద్ర తేదీ నకలు కొట్టివ్వండి, చాలు" అన్నారు. 19-7-68 అని నేనే కొట్టాను. ఇన్నేళ్ళలో ఏ అర్జీలోనూ నేను తేదీ తప్పు కొట్టలేదు. ఆరోజు ఆ తేదీ రెండుసార్లు తప్పు పడింది.

మరుసటి ఏడాది ఏప్రిల్‌లో ఉత్తర్వు వచ్చింది. మా ఖిన్ ఈ దేశంలో శాశ్వతంగా ఉండవచ్చని, దాని మీద ఆమె పేరు, ఒక్క ఆమె పేరే. యలమంద దాన్ని పట్టుకుని వీధిలో ఇంటింటికీ తిరిగాడు. సీతారావమ్మగారు నాలుగో గోడకు సున్నం వేయించుకుంది. అందరికీ మిఠాయిలు పంచాక ఆయన మా వరండాలో కూర్చుని, నేను అడక్కుండానే, "నేనే ఆపానండి మాస్టారూ. తల్లిని చూసుకోనివ్వలేదు. కాగితం వచ్చింది, కానీ నేను చేసింది తప్పేనండి" అని పెద్దగా ఏడ్చాడు. తప్పులో నాకూ సగం ఉందని చెప్పాను. దానివల్ల ఇద్దరికీ ఏమంత తేలిక కాలేదు.

పది రోజుల తరవాత ఏదో పని మీద వాళ్ళ వాటాకి వెళ్ళాను. ఎండన పడి వచ్చానని ఆమె మంచినీళ్ళు తెచ్చిచ్చింది. కొత్త చెంబు. ఊరందరికీ స్టీలు గిన్నెలిచ్చి తన ఇంట్లో సత్తు పళ్ళాలతో సరిపెట్టుకున్న మనిషి, ఆరేళ్ళలో తన కోసం కొనుక్కున్న మొదటి గిన్నె అది. అంచు కింద గుండ్రటి అక్షరాలున్నాయి. ఈసారి అవి లతలు కావని నాకు తెలుసు.

"నీ పేరేనా అమ్మా?" అన్నాను.

"కాదండి. మా అమ్మ పేరండి."

కింద తేదీ చూశాను. 19-7-68.

వాళ్ళమ్మ పోయిన రోజు ఆమెకు తెలియదు. పిలిచిన రోజు తెలుసు. నీళ్ళు మొత్తం తాగి, చెంబు రెండు చేతులా ఆమెకు తిరిగిచ్చాను.